హెచ్‌-1బీకి ఆర్‌ఎఫ్‌ఈ: రాకుండా ఏం చేయాలి, వస్తే ఎలా జవాబివ్వాలి

అమెరికా వలస దరఖాస్తులు చూసే సంస్థ యూఎస్‌సీఐఎస్ కేస్ స్టేటస్ పేజీలో, మీ హెచ్‌-1బీ ఉద్యోగ వీసా కేసుకు అదనపు ఆధారాలు అడుగుతూ నోటీసు (అదే ఆర్‌ఎఫ్‌ఈ) పంపామన్న మాట కనబడగానే ఎంత గట్టివాళ్లకైనా గుండె జారుతుంది. ఆ వెంటనే వాట్సాప్ మెసేజ్‌లు మొదలవుతాయి: "అన్నా, నీకు ఆర్‌ఎఫ్‌ఈ వచ్చినప్పుడు ఏం పెట్టావు? ఆ పీడీఎఫ్ నాకు పంపవా?" పంపినా పెద్దగా లాభం ఉండదు. ఆ అన్న ఫైల్లో లేనిది వేరు, మీ ఫైల్లో లేనిది వేరు.

ఆర్‌ఎఫ్‌ఈ అంటే తిరస్కరణ కాదు. 2019 ఆర్థిక సంవత్సరంలో హెచ్‌-1బీ కేసుల్లో దాదాపు 40 శాతానికి ఆర్‌ఎఫ్‌ఈలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చివరికి అప్రూవ్ అయ్యాయి. 2018 జూలైలో తెచ్చిన ఒక విధానం ప్రకారం కాగితాలు సరిపోకపోతే అధికారి అడగకుండానే డినై చేయవచ్చు. 2021 జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. లోటు పూడ్చుకునే వీలుంటే ముందు అడగాలన్న పద్ధతి మళ్లీ వచ్చింది. పైగా ఇక్కడ రుజువు ప్రమాణం క్రిమినల్ కోర్టుల్లో ఉన్నంత కఠినం కాదు. మీరు చెప్పేది నిజమయ్యే అవకాశమే ఎక్కువని తేలితే సరిపోతుంది. 2010 నాటి చావతే తీర్పులో ఈ సంగతి స్పష్టంగా ఉంది. కాబట్టి టెన్షన్ పక్కన పెట్టి పనిలోకి దిగవచ్చు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. పిటిషన్ వేసేది కంపెనీ. నోటీసు వెళ్లేది కంపెనీకి, దాని అటార్నీకి. మీరు అందులో లబ్ధిదారు మాత్రమే. అయితే ఆర్‌ఎఫ్‌ఈకి పనికొచ్చే సమాచారంలో సగానికి పైగా మీ దగ్గరే ఉంటుంది. "అంతా లాయర్ చూసుకుంటాడులే" అని ఊరుకున్న కేసులే ఎక్కువగా ఇబ్బందుల్లో పడతాయి.

ఫైల్ చేయకముందు

*1. ఉద్యోగ వివరణ మీరే రాయండి*

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

పిటిషన్‌తో పాటు కంపెనీ ఒక సపోర్ట్ లెటర్ పెడుతుంది. అందులో మీ డ్యూటీలు ఉంటాయి. చాలా కన్సల్టెన్సీల్లో అది పాత ఫైలు నుంచి కాపీ కొట్టి పేరు మార్చిన కాగితం. "జావా ఉపయోగించి అప్లికేషన్లు డిజైన్, డెవలప్, టెస్ట్ చేయడం, టీమ్ మీటింగుల్లో పాల్గొనడం, డాక్యుమెంటేషన్ తయారు చేయడం." ఈ వాక్యం అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసిన వాళ్లకు కూడా సరిపోతుంది. అధికారికి వచ్చే అనుమానం కూడా అదే. స్పెషాలిటీ ఆక్యుపేషన్ అనిపించుకోవాలంటే ఆ పనికి ఒక నిర్దిష్ట రంగంలో కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ, లేదా దానికి సమానమైన చదువు సాధారణంగా అవసరమవుతుందని చూపాలి. ఆ అవసరం పై వాక్యంలో ఎక్కడా కనబడదు.

గత రెండు మూడు నెలల జిరా టికెట్లు, క్యాలెండర్, కోడ్ రివ్యూలు ముందు పెట్టుకుని కూర్చోండి. చేసిన పనులను ఐదారు గుంపులుగా విడగొట్టండి. ఒక్కో గుంపుకు వారంలో ఎంత సమయం పోతుందో శాతాల్లో రాయండి, మొత్తం వంద రావాలి. తర్వాత ఒక్కో గుంపు కింద మూడు సంగతులు: ఏం చేస్తారు, దేనితో చేస్తారు, అది చేయాలంటే కాలేజీలో నేర్చుకున్న ఏ విషయం తెలిసి ఉండాలి.

ఉదాహరణకు ఒక ఆరోగ్య బీమా క్లయింట్ దగ్గర పనిచేసే డెవలపర్‌ను తీసుకుందాం. "అప్లికేషన్లు డెవలప్ చేయడం" అన్నచోట ఇలా రావాలి: "క్లెయిమ్ అందినప్పుడు ఆ సభ్యుడి అర్హతను సరిచూసే సర్వీసులను డిజైన్ చేయడం. ఒకే క్లెయిమ్ రెండుసార్లు చెల్లింపుకు పోకుండా ట్రాన్సాక్షన్ లాజిక్ రాయడం. లోడ్ పెరిగినప్పుడు క్వెరీలు ఎక్కడ ఆగుతున్నాయో విశ్లేషించి ఇండెక్సులు మార్చడం. 35 శాతం సమయం. దీనికి డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్, అల్గారిథమ్స్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో డిగ్రీ స్థాయి పరిజ్ఞానం కావాలి." ఇది చదివిన అధికారికి జావా రాకపోయినా, ఎందుకు చదువుకున్న మనిషి కావాలో అర్థమవుతుంది. ఇంగ్లిష్‌లో చక్కగా దిద్దే పని అటార్నీది, సరుకు మాత్రం మీరే ఇవ్వాలి.

అలాగని గొప్పలు పోవద్దు. చేయని ఆర్కిటెక్ట్ పని చేస్తున్నట్టు రాస్తే అది తర్వాత చెప్పబోయే వేతన లెవెల్ దగ్గర అడ్డంగా దొరికిపోతుంది. క్లయింట్ రహస్య సమాచారం కూడా రాయకండి.

*2. డిగ్రీకీ పనికీ ముడి చూపించండి*

2024 డిసెంబర్ 18న ప్రచురించి 2025 జనవరి 17 నుంచి అమలు చేసిన నిబంధనల్లో దీన్ని స్పష్టం చేశారు. డిగ్రీకీ డ్యూటీలకీ మధ్య తర్కబద్ధమైన సంబంధం ఉండాలి. ఉద్యోగం ఒకటి కన్నా ఎక్కువ రంగాల డిగ్రీలను అంగీకరించవచ్చు, కానీ ప్రతి రంగానికీ పనితో సంబంధం ఉండాలి. "ఏదైనా ఇంజినీరింగ్ డిగ్రీ చాలు" అని ఆఫర్ లెటర్‌లో రాసుకుంటే కోరి తెచ్చుకున్నట్టే. ఏ ప్రత్యేకత లేని సాధారణ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ సరిపోతుందన్నా అంతే. అదే నిబంధనల్లో "సాధారణంగా అంటే ఎల్లప్పుడూ అని కాదు" అన్న వివరణ కూడా ఉంది. అది మనకు అనుకూలం.

మెకానికల్ లేదా సివిల్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన మనవాళ్లకు ఇక్కడే చిక్కు. మార్గం ఉంది. మార్కుల మెమోలో ఉన్న ప్రోగ్రామింగ్, న్యూమరికల్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ లాంటి సబ్జెక్టులను పైన రాసిన డ్యూటీల పక్కన పెట్టి పట్టిక తయారు చేయండి. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ లేదా ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో ఎంఎస్ చేసి ఉంటే బీటెక్ బ్రాంచి పెద్దగా అడ్డు రాదు.

*3. ఎల్‌సీఏలో కోడ్, లెవెల్, చిరునామా*

ఎల్‌సీఏను (జీతం, పనిచోటు గురించి కంపెనీ హామీ ఇచ్చే పత్రం) లేబర్ డిపార్ట్‌మెంట్ 7 పని దినాల్లో ఇచ్చేస్తుంది. అంత సులువుగా వస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ సరిగా చదవరు. మీరు చదవండి. అందులో మీ వృత్తికి ఇచ్చిన ఎస్‌ఓసీ కోడ్ సపోర్ట్ లెటర్‌లోని పనులతో కలవాలి. 15-1252 అంటే సాఫ్ట్‌వేర్ డెవలపర్లు, 15-1211 అంటే కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్టులు, 15-1251 అంటే కంప్యూటర్ ప్రోగ్రామర్లు. ప్రోగ్రామర్ పనికి డిగ్రీ తప్పనిసరి కాదన్నట్టు ఉన్న ఒక యూఎస్‌సీఐఎస్ మెమో వల్ల ఆ కోడ్‌తో ఒకప్పుడు చాలా కేసులు పోయాయి. 2020 డిసెంబర్‌లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ఇన్నోవా సొల్యూషన్స్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత యూఎస్‌సీఐఎస్ ఆ పాత మెమోను ఉపసంహరించుకుంది. అయినా మీ పని నిజంగా డెవలపర్ పని అయితే ఆ కోడే వేయమనండి.

వేతన లెవెళ్లు నాలుగు. లెవెల్-1 అంటే కొత్తగా చేరి, దగ్గరి పర్యవేక్షణలో పనిచేసేవాళ్లు. ఆ లెవెల్ వేసి, లెటర్‌లో "టీమ్‌ను స్వతంత్రంగా నడిపిస్తాడు" అని రాస్తే రెండింటిలో ఒకటి అబద్ధమని అధికారి అనుకుంటాడు. 2026 ఫిబ్రవరి 27 నుంచి, ఏటా పరిమితంగా ఉండే హెచ్‌-1బీలకు ఎవరిని ఎంచాలో తేల్చే లాటరీలో కూడా ఎక్కువ లెవెల్‌కు ఎక్కువ అవకాశం ఇచ్చే పద్ధతి వచ్చింది కాబట్టి ఈ అంకెపై చూపు ఇంకా పెరిగింది. రిజిస్ట్రేషన్‌లో చెప్పిన లెవెల్‌కూ పిటిషన్‌కూ పొంతన ఉండాలి.

చిరునామా సంగతికి వస్తే, ఇంటి నుంచి పనిచేస్తుంటే ఇంటి చిరునామా కూడా ఎల్‌సీఏలో ఉండాలి. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ నిర్ణయం ప్రకారం, అదే మెట్రో ప్రాంతం దాటి పనిచోటు మారితే ముందుగా అమెండ్‌మెంట్ (సవరణ పిటిషన్) ఫైల్ చేయాలి. డాలస్ నుంచి షార్లెట్‌కు మారి, "రిమోటే కదా" అని కంపెనీకి చెప్పకుండా ఊరుకునేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌టెన్షన్ సమయంలో పే స్టబ్ మీద నార్త్ కరొలినా పన్ను చూసి అధికారి అడిగేది దాని గురించే.

*4. వెండర్ గొలుసును కాగితం మీద చూపించండి*

మీ కంపెనీ, ప్రైమ్ వెండర్ (మధ్యలో ఉండే కంపెనీ), ఎండ్ క్లయింట్ (మీరు నిజంగా ఎవరి పని చేస్తారో వాళ్లు). ఈ గొలుసులో ఒక్క లంకె కాగితం లేకపోయినా ప్రశ్న వస్తుంది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన యూఎస్‌సీఐఎస్ మెమో కాలంలో మూడేళ్లకీ ఏ రోజు ఏ పనో చూపమనేవాళ్లు. ఐటీసర్వ్ అలయన్స్ కేసులో 2020 మార్చిలో వాషింగ్టన్ డీసీ జిల్లా కోర్టు దాన్ని తప్పుపట్టింది, ఆ జూన్‌లో యూఎస్‌సీఐఎస్ ఆ మెమోను వదిలేసింది. దాంతో ఒప్పందాలు అడగడం ఆగిపోయిందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. 2025 జనవరి నిబంధనలు ఉద్యోగం నిజంగా ఉందని తేల్చుకోవడానికి కాంట్రాక్టులు అడిగే అధికారం స్పష్టంగా ఇచ్చాయి. ఇంకో ముఖ్యమైన మాట: మిమ్మల్ని ఒక క్లయింట్ దగ్గర వాళ్ల సిబ్బందిలో ఒకరిగా పెడుతుంటే, డిగ్రీ కావాలా వద్దా అన్నది ఆ క్లయింట్ అవసరాన్ని బట్టే చూస్తారు. మీ కన్సల్టెన్సీ "మాకు డిగ్రీ కావాలి" అంటే సరిపోదు.

క్లయింట్ లెటర్ దొరికితే అంతకన్నా మంచిది లేదు. అందులో ప్రాజెక్టు, మీ పనులు, ఏ డిగ్రీ అడుగుతారు, ఎక్కడి నుంచి పని, ఇంకెంత కాలం ఉండవచ్చు అన్నవి ఉండాలి. చాలా పెద్ద క్లయింట్లు తమ పాలసీ ఒప్పుకోదని చెప్పి ఇవ్వరు. అప్పుడు మాస్టర్ సర్వీస్ అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్, ప్రైమ్ వెండర్ లెటర్, క్లయింట్ మేనేజర్ నుంచి వచ్చిన మామూలు ఈమెయిళ్లు, అప్రూవ్ చేసిన టైమ్ షీట్లు, అదే పొజిషన్‌కు క్లయింట్ ఇచ్చిన ఉద్యోగ ప్రకటన, ఇవన్నీ కలిపి కట్టండి. ఒప్పందాల్లో రేట్లు నల్ల సిరాతో కొట్టేయడం మామూలే. మొత్తం పేజీ నల్లగా చేసి పంపితే మాత్రం ఆ పేజీకి విలువ ఉండదు.

*5. మీ సొంత సర్టిఫికెట్లు, స్టేటస్ కాగితాలు*

జేఎన్‌టీయూ, ఉస్మానియా, ఆంధ్ర యూనివర్సిటీ ఏదైనా సరే, ప్రొవిజనల్ పట్టుకుని అమెరికా వచ్చేసి ఒరిజినల్ డిగ్రీ సంగతి మరిచిపోయినవాళ్లు ఎందరో. ఊళ్లో నాన్నగారిని యూనివర్సిటీ చుట్టూ తిప్పడానికి ఆర్‌ఎఫ్‌ఈ గడువు సమయం కాదు. ఓడీ, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో ఇప్పుడే తెప్పించి స్కాన్ చేసి పెట్టుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటే ముందే అటార్నీకి చెప్పండి. ఇద్దరూ ఒకరేనని చూపే అఫిడవిట్‌తో సరిపోయే పని ఇది. పెళ్లి సర్టిఫికెట్ తెలుగులో ఉండి హెచ్‌-4 (భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) కూడా ఫైల్ చేస్తుంటే, అనువాదకుడు సంతకం చేసి ధ్రువీకరించిన పూర్తి ఇంగ్లిష్ అనువాదం తప్పనిసరి.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం వాళ్లకు ఒక మెలిక ఉంది. తక్కువైన ఒక్కో విద్యా సంవత్సరానికి మూడేళ్ల తగిన అనుభవం లెక్కేస్తారు. మామూలు ఎవాల్యుయేషన్ ఏజెన్సీలు చదువును మాత్రమే లెక్కగట్టగలవు. అనుభవాన్ని కూడా కలపాలంటే, ఉద్యోగానుభవానికి కాలేజీ క్రెడిట్ ఇచ్చే అధికారం ఉన్న గుర్తింపు పొందిన కాలేజీ అధికారి రాసివ్వాలి. ఈ తేడా తెలియక చౌకగా వచ్చిందని ఏజెన్సీ రిపోర్ట్ పెట్టినవాళ్లకు ఆర్‌ఎఫ్‌ఈ రావడం దాదాపు ఖాయం.

లాటరీలో అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు విడిగా ఉన్న మాస్టర్స్ కోటాలో ఎంపికైతే ఇంకో పరీక్ష. మీ అమెరికన్ యూనివర్సిటీ గుర్తింపు ఉన్నదై, ప్రభుత్వానిదో లాభాపేక్ష లేనిదో అయి ఉండాలి. లాభాల కోసం నడిచే కాలేజీలో ఎంఎస్ చేసి ఆ కోటాలో పేరు నమోదు చేస్తే, ఆర్‌ఎఫ్‌ఈకి ఎంత బాగా జవాబిచ్చినా అతకదు. రిజిస్ట్రేషన్ రోజే చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి మారుతుంటే కాలేజీ ఇచ్చిన ఐ-20లన్నీ (పాతవి కూడా), ఈఏడీ (పని అనుమతి) కార్డులు, పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏటా జీతం, పన్ను చూపే ఫారాలు), స్టెమ్ ఓపీటీలో (సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకు పొడిగించే, చదువయ్యాక పనిచేసే అనుమతి) ఉంటే ఐ-983 (శిక్షణ ప్రణాళిక ఫారం) ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు 90కి మించకూడదు, స్టెమ్ కలిస్తే మొత్తం 150. ఫుల్ టైమ్ సీపీటీ (చదువుతూనే పనిచేసే అనుమతి) 12 నెలలు నిండితే ఆ స్థాయి చదువుకు ఓపీటీ పోతుంది. చేరిన రోజు నుంచే సీపీటీ ఇచ్చే కాలేజీలో రెండో మాస్టర్స్ చేస్తున్నవాళ్లు క్లాసులకు నిజంగా వెళ్లినట్టు చూపే కాగితాలు దాచుకోవాలి: విమాన టికెట్లు, హోటల్ బిల్లులు, ఫీజు రసీదులు, ప్రొఫెసర్లతో మెయిళ్లు, సిలబస్.

స్టేటస్ ప్రశ్నకు ఇప్పుడు బరువు మరీ పెరిగింది. 2025 సెప్టెంబర్ 19 నాటి అధ్యక్ష ప్రకటనతో వచ్చిన లక్ష డాలర్ల చెల్లింపు, అమెరికాలో ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకు వర్తించదని అక్టోబర్ 20 మార్గదర్శకాలు చెప్పాయి. కానీ మీ స్టేటస్ సరిగా లేదని తేల్చి ఆ మార్పును నిరాకరిస్తే, చెల్లింపు వచ్చి మీద పడుతుంది. కేసు పెండింగ్‌లో ఉండగా దేశం దాటినా అంతే. అందుకే ఆర్‌ఎఫ్‌ఈ సమయంలో చెల్లెలి పెళ్లి ఉన్నా సరే, టికెట్ కొనేముందు అటార్నీకి ఫోన్ చేయండి.

ఆర్‌ఎఫ్‌ఈ వచ్చాక

*6. పూర్తి నోటీసు తెప్పించుకుని తేదీ చూడండి*

మీకు కావాల్సింది ఐ-797ఈ నోటీసు పూర్తి కాపీ. హెచ్‌ఆర్ ఫోన్‌లో చెప్పిన సారాంశం పనికిరాదు. కొన్ని కంపెనీలు ఇవ్వడానికి నీళ్లు నములుతాయి, మర్యాదగా ఈమెయిల్‌లో అడగండి.

నోటీసులో గడువు తేదీ ఉంటుంది. గరిష్ఠంగా 84 రోజులు, పోస్టులో పంపిన నోటీసుకు సాధారణంగా ఇంకో 3 రోజులు. దీన్ని పొడిగించరు, ఎంత బతిమాలినా లాభం లేదు. ఆ తేదీకి జవాబు వాళ్లకు చేరి ఉండాలి. పోస్టు చేసిన తేదీని లెక్కలోకి తీసుకోరు. జవాబే ఇవ్వకపోతే కేసు వదులుకున్నట్టుగా డినై చేస్తారు, దానిపై అప్పీలు కూడా ఉండదు. వచ్చింది ఆర్‌ఎఫ్‌ఈ కాకుండా నోయిడ్, అంటే తిరస్కరించబోతున్నామన్న ముందస్తు నోటీసు అయితే, గడువు గరిష్ఠంగా 30 రోజులే.

*7. చట్టం పేరాలు పక్కన పెట్టి, "అయితే" అన్న వాక్యాలు వెతకండి*

ఆర్‌ఎఫ్‌ఈ పది పేజీలున్నా అందులో ఎక్కువ భాగం అందరికీ వచ్చే అచ్చు పాఠమే. మీ కేసు గురించి రాసిన వాక్యాలు కొన్నే ఉంటాయి. వాటి తీరు ఇలా ఉంటుంది: "మీరు ఎండ్ క్లయింట్ లెటర్ సమర్పించారు. అయితే అందులో లబ్ధిదారు చేసే పనుల వివరం గానీ, ఆ పనికి కావాల్సిన చదువు గానీ లేవు." ఆ "అయితే" తర్వాత ఉన్నదే అసలు ప్రశ్న. అలాంటి వాక్యాలన్నిటికీ హైలైటర్ పెట్టి, ఒక షీట్‌లో ఒక్కో దానికీ ఒక వరుస ఇవ్వండి. పక్కన మన జవాబు, దాని పక్కన రుజువు కాగితం, ఆ కాగితం ఎవరు తేవాలి, ఏ తేదీకి.

ఆ వాక్యం కింద "ఇవి సమర్పించవచ్చు, ఇవే అని కాదు" అంటూ పెద్ద జాబితా ఉంటుంది. దాన్ని చూసి చాలామంది బెదిరిపోతారు. చట్టప్రకారం తప్పనిసరి కాగితాలు వేరు, ఈ సూచనలు వేరు. జాబితాలో పది ఉంటే మీ ప్రశ్నకు నాలుగే తగినవి కావచ్చు. ఆ నాలుగు గట్టిగా ఉంటే చాలు. దొరకని కాగితం ఉంటే దాన్ని దాటవేయకుండా, ఎందుకు దొరకదో ఒక్క వాక్యంలో చెప్పి, బదులుగా ఏది పెడుతున్నారో రాయండి. లెటర్ ఇవ్వడం కుదరదని క్లయింట్ చెప్పిన ఈమెయిల్ కూడా ఒక రుజువే.

2025లో కొన్ని ఆర్‌ఎఫ్‌ఈలు ఇంటి చిరునామా, వేలిముద్రలు అడుగుతూ వచ్చాయి. ప్రతికూల సమాచారం ఏదో దొరికిందని వాటిలో ఉంది. అదేమిటో మీకు తెలియకపోతే, దాన్ని వెల్లడించమని అటార్నీ ద్వారా అడగవచ్చు. మీకు తెలియని ప్రతికూల సమాచారం ఆధారంగా నిర్ణయం తీసుకునేముందు చెప్పి, జవాబుకు అవకాశం ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది. పాత ట్రాఫిక్ కేసో, షాపులో జరిగిన గొడవో ఉంటే అటార్నీ దగ్గర దాచకండి.

*8. కాగితాలు కూడగట్టండి, కథ మార్చకండి*

పిటిషన్ వేసిన రోజు నాటికి అర్హత ఉండాలి అన్నది మూల నియమం. జవాబులో వివరాలు పెంచవచ్చు, అస్పష్టంగా ఉన్నది విప్పి చెప్పవచ్చు. ఉద్యోగం పేరు, లెవెల్, ముఖ్యమైన డ్యూటీలు మార్చేస్తే అది కొత్త పిటిషన్ అవుతుంది, దాన్ని ఒప్పుకోరు. ఫైల్ చేసిన తర్వాత సంతకమైన కాంట్రాక్టు పాత లోటును పూడ్చదు. మధ్యలో ప్రాజెక్టు పోయి క్లయింటే మారిపోతే దాన్ని జవాబులో కలిపేయకుండా, అమెండ్‌మెంట్ వేయాలా, మళ్లీ కొత్తగా ఫైల్ చేయాలా అన్నది అటార్నీతో తేల్చుకోండి.

డ్యూటీల గురించి అడిగితే మొదటి మెట్టులో చెప్పిన శాతాల పట్టిక ఇప్పుడు తయారు చేయండి. దానికి తోడు కంపెనీ ఆర్గ్ చార్ట్, అదే పొజిషన్‌లో ఉన్న ఇతరుల డిగ్రీలు, ఇతర కంపెనీల ఉద్యోగ ప్రకటనలు, లేబర్ డిపార్ట్‌మెంట్ ఆక్యుపేషనల్ అవుట్‌లుక్ హ్యాండ్‌బుక్‌లో ఆ వృత్తి పేజీ, మీ పని నమూనాలు పెట్టవచ్చు. ఇతర ఉద్యోగుల ప్రైవేటు వివరాలు కొట్టేసి పంపాలి.

ప్రొఫెసర్ల ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ లెటర్ గురించి నా అభిప్రాయం చెబుతాను. వందల డాలర్లు తీసుకుని రెండు రోజుల్లో రాసిచ్చే లెటర్లు ఒకే అచ్చులో ఉంటాయి, అధికారులు వాటిని రోజూ చూస్తుంటారు. ఆ ప్రొఫెసర్ మీ డ్యూటీలు చదివి, మీతోనో మేనేజర్‌తోనో మాట్లాడి, ఏ పనికి ఏ కోర్సు ఎందుకు అవసరమో రాస్తేనే డబ్బు పెట్టండి. డ్యూటీలే అరకొరగా ఉంటే ఏ ప్రొఫెసరూ కాపాడలేడు.

దొంగ క్లయింట్ లెటర్, సృష్టించిన పే స్టబ్‌లు, లేని ఇన్‌హౌస్ ప్రాజెక్టు. "అందరూ పెడుతున్నారు బ్రో" అని కన్సల్టెన్సీ వాళ్లు అంటే అక్కడే ఆగిపోండి. క్లయింట్ మేనేజర్‌కు ఒక్క ఫోన్ కొడితే బయటపడే అబద్ధం అది. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఈ పిటిషన్‌తో పోదు, అమెరికా ప్రవేశానికే జీవితకాల అనర్హత రావచ్చు. కంపెనీ ఇంకో పేరుతో మళ్లీ పుడుతుంది, మీకు ఇంకో పాస్‌పోర్ట్ రాదు. బెంచ్ మీద ఉన్నప్పుడు జీతం ఇవ్వకపోవడం కూడా కంపెనీ చేసే ఉల్లంఘనే. ఎల్‌సీఏ వేతనం బెంచ్ రోజులకూ ఇవ్వాల్సిందే. ఆ లోటు పే స్టబ్‌లలో కనబడితే నిజం చెప్పే దారి అటార్నీతో వెతకండి, వీలైతే మీకంటూ వేరే అటార్నీని పెట్టుకుని.

*9. ఒకే కట్టగా, ఒకేసారి పంపండి*

జవాబుకు ఒక్కటే అవకాశం. ఇవాళ సగం, వచ్చే వారం మిగతా సగం కుదరదు. సగం పంపితే ఉన్నదాని మీదే నిర్ణయం చేయమన్నట్టు లెక్క. అన్నిటికన్నా పైన ఒరిజినల్ ఆర్‌ఎఫ్‌ఈ నోటీసు, తర్వాత కవర్ లెటర్, విషయసూచిక, ఎగ్జిబిట్లు. కవర్ లెటర్‌లో నోటీసు అడిగిన వరుసలోనే జవాబులు ఉండాలి. ప్రతి జవాబు చివర "ఎగ్జిబిట్ సి, 4వ పేజీ" అని చూపాలి. రెండు వందల పేజీల ఒప్పందం పెడితే కావాల్సిన క్లాజు దగ్గర గుర్తు పెట్టండి. అధికారి వెతుక్కుంటాడని అనుకోకండి.

పంపేముందు మీరు ఒక పూట కూర్చుని మొత్తం చదవండి. అటార్నీ ఆఫీసులో ఒకేసారి పదుల కేసులు ఉంటాయి, పక్క కేసు పేరు మీ లెటర్‌లో మిగిలిపోవడం వింతేమీ కాదు. తేదీలు, జీతం, చిరునామా, టైటిల్, ఈ నాలుగూ ప్రతి కాగితంలో ఒకేలా ఉన్నాయో లేదో సరిపోల్చండి. లింక్డిన్ ప్రొఫైల్ కూడా. పేపర్ కేసు అయితే నోటీసులో ఇచ్చిన చిరునామాకే ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో, గడువుకు కనీసం రెండు వారాల ముందు పంపమనండి. చివరి రోజుల్లో చికాగోలో మంచు తుఫాను వస్తే చేయగలిగిందేమీ ఉండదు.

*10. ఈలోగా ఉద్యోగం*

హెచ్‌-1బీ మీద ఉండి కంపెనీ మారుతుంటే, కొత్త పిటిషన్ ఫైల్ అయిన తర్వాత అక్కడ చేరవచ్చు, ఆర్‌ఎఫ్‌ఈ వచ్చినంత మాత్రాన పని ఆపనక్కర్లేదు. డినై అయితే ఆపాలి. అందుకే వెండర్ గొలుసు బలహీనంగా ఉన్న కేసుల్లో ప్రీమియంలో (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకునే పద్ధతి) అప్రూవల్ వచ్చాకే పాత కంపెనీకి రాజీనామా ఇవ్వడం మంచిది. పాత కంపెనీతోనే ఎక్స్‌టెన్షన్ అయితే, సకాలంలో ఫైల్ చేసి ఉంటే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) గడువు తీరాక కూడా 240 రోజుల దాకా పనిచేయవచ్చు. అదే కంపెనీ, అదే పని అయితే పాత అప్రూవల్‌కు విలువ ఇవ్వాలన్న నియమం 2025 జనవరి నుంచి నిబంధనల్లో ఉంది. పాత అప్రూవల్ కాపీ పెట్టి ఆ మాట లెటర్‌లో ఎత్తిచూపండి.

ప్రీమియంలో 15 పని దినాల గడియారం ఆర్‌ఎఫ్‌ఈతో ఆగిపోతుంది. జవాబు చేరాక మళ్లీ కొత్తగా 15 పని దినాలు మొదలవుతాయి. ఈ మధ్యలో సైట్ విజిట్ కూడా రావచ్చు, ఆఫీసుకైనా, క్లయింట్ దగ్గరికైనా, రిమోట్ అయితే ఇంటికైనా. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడండి, అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పిటిషన్‌లో మీ టైటిల్ ఏమిటో, మేనేజర్ ఎవరో తెలియక తడబడేవాళ్లు ఉన్నారు, కాబట్టి కాపీ ఒకటి చదివి ఉండండి.

డినై వచ్చినా అక్కడితో అయిపోదు. ఐ-290బి ఫారంతో అప్పీలుకో, మళ్లీ తెరవమనో అడగడానికి కంపెనీకి 30 రోజులు, నిర్ణయం పోస్టులో వస్తే 33. ఏటా ఇచ్చే హెచ్‌-1బీల పరిమితిలో (క్యాప్) ఇప్పటికే లెక్కకెక్కినవాళ్లకు లోటు సరిచేసి కొత్త పిటిషన్ వేయడమే చాలాసార్లు త్వరగా తేలే దారి. కొత్తగా లాటరీలో వచ్చిన కేసుకు మాత్రం ఫైలింగ్ గడువు అప్పటికే దాటి ఉండవచ్చు, అందుకే అక్కడ మొదటి జవాబే గట్టిగా ఉండాలి.

అప్రూవ్ అయితే పిటిషన్, ఆర్‌ఎఫ్‌ఈ, జవాబు మొత్తం స్కాన్ కాపీ కంపెనీ నుంచి తీసుకుని దాచండి. స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్లినప్పుడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అధికారి అదే క్లయింట్ గురించి, అదే డ్యూటీల గురించి అడగవచ్చు. ఎక్స్‌టెన్షన్ నాటికి అటార్నీ మారినా, ఆ కొత్త అటార్నీకి ముందుగా ఇవ్వాల్సింది ఆ ఫైలే.